పాంపడుతికి జవాబు

హుణసూరు కొండమీది ఆసుపత్రి,
జూన్ నెల, వాన పట్టిన రోజు

ఒసే కావేరీ,

చేరగానే రాయమన్నావు కదా, చేరాను. బస్సు దిగి కొండెక్కేసరికి ఊపిరి నా చేతిలో లేదు. కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతూ గేటు దగ్గర కూలబడితే, కాపలావాడు ముందు నా ముఖం చూశాడు, తర్వాత నా గొంతు విన్నాడు, ఆ తర్వాత రెండడుగులు వెనక్కి వేశాడు. క్షయకి జడిశాడో నాకు జడిశాడో అడగలేదు.

మగవాళ్ల వార్డులో వేశారు. ఆడవాళ్ల వార్డులో వాళ్లు ఒప్పుకోలేదట. సిస్టర్ ఫిలోమినా మంచి మనిషే. నా చేయి పట్టుకుని, ఇది తన చేతిలో లేదని చెప్పింది. జుట్టు కత్తిరించేశారు. మన స్నానాల హమామ్‌లో ఇన్నేళ్లు కొబ్బరినూనె పోసి పెంచుకున్న జుట్టు. కోసేటప్పుడు ఊరుకున్నాను గానీ, చీపురుతో ఊడ్చేటప్పుడు చూడలేక అటు తిరిగి పడుకున్నాను. కట్టుకోవడానికి తెల్ల చొక్కా, తెల్ల పైజామా ఇచ్చారు. గాజులు మాత్రం తీయనన్నాను. అమ్మ తొడిగిన ఆకుపచ్చ గాజులు అవి. సిస్టర్ చూసీ చూడనట్టు పోయింది.

డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఎనిమిది నెలలు మాత్రలు మానకూడదు. పోయినసారి మన జుబేదా చనిపోయిందని తెలిసి మందు మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాను చూడు, అప్పటినుంచి ఈ రోగం మొండికేసింది. ఈసారీ మధ్యలో వదిలితే ఇక ఏ మందూ పట్టదట. "ఎవరు చచ్చినా నువ్వు కొండ దిగకూడదు" అన్నాడు. నేనే ముందు వరసలో ఉండగా ఇంకెవరు చస్తారు సార్ అని నవ్వాను.

కాళ్లకు మొక్కినట్టే అమ్మకు నా పాంపడుతి చెప్పు. చెప్పి ఊరుకోకు, ఆమె అన్న మాట నాకు రాయి. చీర కట్టుకున్నానని కన్నవాళ్లు గుమ్మం దిగమన్నాక నన్ను కూర్చోబెట్టి, "బతికుండు బిడ్డా" అన్నది ఆ గురువు ఒక్కతే. పొద్దున ఆమె కాళ్లకు మొక్కి ఆ మాట వినకుండా నేను నీళ్ల అండా కింద మంట పెట్టిన రోజు లేదు. ఇక్కడికి వినపడదు కాబట్టి ఆ మాట మోసుకొచ్చే పని నీది.

నీ అక్క,
చంపక

———

బెంగళూరు,
జూలై మొదట్లో

చంపక అక్కకు,

అమ్మ నా పక్కనే కూర్చుని వక్క నములుతోంది. నీ ఉత్తరం ఇప్పటికి రెండుసార్లు చదివించుకుంది. జుట్టు సంగతి వచ్చినచోట దాటెయ్యమంది. దాటేశాక, దాటేసింది చదవమంది. తర్వాత తిట్లకు దిగింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆ కొరివిదయ్యానికి చెప్పు. జుట్టు మళ్లా మొలస్తాది, ఊపిరి మొలవదు. మాత్రలు కిటికీలోంచి పారేస్తే నేనే కొండెక్కి దాని గొంతులో కుక్కుతా."

నీ పాంపడుతి చెప్పాను. చేయి ఎత్తి, "బతికుండు బిడ్డా, వెయ్యేళ్లు బతికుండు" అంది. నువ్వు ఎదురుగా వంగి ఉన్నట్టే ఎత్తింది. ఎవరికమ్మా ఆ చేయి అని నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు.

నువ్వు పోయాక హమామ్ పరువు పోయింది. నాకు మంట చేతకాదు. నీళ్లు అయితే సలసల మరుగుతాయి, లేకపోతే చల్లబడి చస్తాయి. మార్కెట్టు హమాలీ మల్లప్ప మొన్న వీపు కాలి గంతులేశాడు. తలంటు పోయించుకోవడానికి వచ్చానా, తోలు ఒలిపించుకోవడానికి వచ్చానా అని అడిగాడు. లోపలి గదుల సంగతి నీకు తెలియందేముంది. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. అమ్మ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటోంది. తాగొచ్చినవాణ్ణి, తొడుగు వేసుకోనన్నవాణ్ణి అక్కడినుంచే తరిమేస్తోంది. ఆ స్టూలు అక్కడ ఉన్నంతకాలం మాకేం భయం.

స్టేషనుకు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పాతాయనలాగా పలకరించడు. వీధి మొదట్లో పెద్ద హోటలు లేస్తోంది కదా, వాళ్ల కళ్లకు మనం నలుసు అయ్యాం. ఇలాంటివాళ్లను చాలామందిని చూశానని అమ్మ అంటోంది.

నీ చెల్లి,
కావేరి

———

హుణసూరు,
ఆగస్టు

ఒసే కావేరీ,

మంట చేతకాదని ఉత్తరం రాస్తావా, సిగ్గులేని దానా. తడి కట్టె పొయ్యి మీద ఆరబెట్టి లోపలికి తొయ్యి. నీళ్లు కూనిరాగం తీయగానే కట్టె వెనక్కి లాగు. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

నేను ఇక్కడ కూడా మంట దగ్గరే తేలాను. ఈ వార్డు వెనక ఒక రాగి అండా ఉంది, మన దానికి అక్క లాంటిది. దాన్ని చూసుకునేవాడు పని మానేశాడట. అందరూ ఈ చలిలో చన్నీళ్లు పోసుకుని ఇంకా దగ్గుతున్నారు. ఒకరోజు కొంచెం ఓపిక వచ్చి చితుకులు ఏరి మంట పెట్టాను. నా పక్క మంచం చెన్నప్ప అని, పాత లారీ డ్రైవరు. నేను వచ్చిన రోజునే మా ఇద్దరి మధ్య దుప్పటి తెరలాగా కట్టుకున్నాడు, నా గాలి తగలకుండా. ఆవిరి చూసి ముందు వచ్చింది ఆయనే. బక్కెట్టు పట్టుకుని నిలబడి, నన్ను ఏమని పిలవాలో తెలియక చాలాసేపు తటపటాయించాడు. నా పేరు చంపక అన్నాను. "సరే చంపకమ్మా, ఒక చెంబుడు పొయ్యి" అన్నాడు. మర్నాడు తెర తీసేశాడు. ఇక్కడ పక్కలు ఎత్తేవాడొకడున్నాడు, స్నానాల గది దగ్గర చేయి వేయబోయాడు. మండే కట్టె చూపించాను. అమ్మ నాకు పెట్టిన పేరు అక్కరకొచ్చింది.

నెత్తురు మళ్లీ తీశారు. ఎన్నిసార్లు తీస్తారో ఏమో, వాళ్లకు సరదా. మాత్రలు మింగుతున్నాను, బరువు పెరిగానని కూడా అన్నారు.

అమ్మకు పాంపడుతి. మోకాళ్ల నొప్పులకు ఆవనూనె కాచి రాయి.

చంపక

———

బెంగళూరు,
సెప్టెంబరు

అక్కా,

ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్లు ఊరుకున్నాను. హమామ్ మూసేశారు. పోలీసులు పట్టపగలు జీపులో వచ్చి, లోపల ఉన్న మగవాళ్లను వెనక దారిన పొమ్మని, మమ్మల్ని మాత్రం వీధిలో వరసగా నిలబెట్టారు. ఇల్లుగలాయన తాళంతో సిద్ధంగా ఉన్నాడు, ముందే మాట్లాడుకున్నారు కాబోలు. గిన్నెలు, పరుపులు బయట పడేశారు. అండా మాత్రం నేను దొర్లించుకుంటూ తెచ్చాను. వీధంతా నవ్వింది, నవ్వనీ.

ఇప్పుడు రైలు గేటు దగ్గర ఒక్క గదిలో ఉన్నాం. పొద్దుగూకితే రోడ్డు మీద నిలబడుతున్నాం. నాకు గోడ లేని చోట ఈ పని అలవాటు లేదక్కా. ఎవడు ఎక్కడికి తీసుకుపోతాడో తెలియదు. గుమ్మంలో స్టూలు లేదు.

అమ్మ బాగానే ఉంది. నీ పాంపడుతి చెప్పాను, ఆ గొడవలో కూడా "బతికుండు బిడ్డా" అంది. నిన్న మనవాళ్లను ఇద్దరిని స్టేషనుకు తీసుకుపోయారు. వాళ్లను విడిపించడానికి ఇప్పుడే బయలుదేరుతోంది. పోవద్దమ్మా అంటే, "నా బిడ్డల్ని నేను తెచ్చుకోకుంటే ఎవురు తెస్తారే" అంటోంది. తిరిగొచ్చాక మిగతాది రాస్తాను.

కావేరి

———

హుణసూరు,
ఉత్తరం అందిన రోజే

కావేరీ,

మూట కట్టుకున్నాను. నువ్వు ఒక్క ముక్క రాస్తే కొండ దిగుతాను. అమ్మ స్టేషను నుంచి తిరిగి వచ్చిందా? ఆమెను రోడ్డు మీదకు రానివ్వకు, ఆ వయసులో ఎవడైనా తోస్తే లేవలేదు. మాత్రలు బెంగళూరులో కూడా దొరుకుతాయి కదా అని సిస్టర్‌ను అడిగాను. దొరుకుతాయి, కానీ నువ్వు రోడ్డు మీద ఉంటే మింగవు అంది. ఆమెకు నా సంగతి తెలిసిపోయింది.

అమ్మకు నా పాంపడుతి. ఈసారి వంగి నేలకు నుదురు తాకించి చెప్పానని చెప్పు.

చంపక

———

బెంగళూరు,
అక్టోబరు

చంపక అక్కకు,

రావద్దు. మూట విప్పెయ్యి.

అమ్మ బాగుంది. స్టేషనుకు పోయి ఇద్దరినీ విడిపించుకుని రాణిలా వచ్చింది. కాలు కొంచెం వాచింది, అంతే. నువ్వు మూట కట్టుకున్నావని విని భలే తిట్టింది. "కొండ దిగితే కొరివిదయ్యం కాళ్లు విరగ్గొడతా, మళ్లా ఆడికే మోయించి పంపిస్తా" అంది. నిన్న రాగి ముద్ద, ఆకుకూర సారు వండాం. అమ్మ రెండు ముద్దలు తిని ఇంకోటి అడిగింది. గదికి కిటికీ ఉంది, గాలి బాగా వస్తుంది. మేమందరం క్షేమం. రోడ్డు మీద కూడా అలవాటైంది, ఇప్పుడు అంత భయం లేదు.

నీ పాంపడుతి అందింది.

నువ్వు మాత్రలు మానకు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కటి కూడా మానకు.

కావేరి

———

హుణసూరు,
దీపావళి ముందు

కావేరీ,

మూట విప్పాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

గాజులు పంపుదామని అనుకుంటావేమో, పంపకు. ఉన్నవి అండా అంచుకు కొట్టుకుని చిట్లిపోయాయి. ఇక్కడ గాజులతో పని కూడా లేదు. చలి ఎక్కువైంది. చెన్నప్ప తన పెరుగన్నంలో సగం నాకు పెడుతున్నాడు, వద్దన్నా వినడు. నీళ్లు కాచే పని మాత్రం మానలేదు.

నువ్వు వేళకు తింటున్నావా? పనికి ఒంటరిగా నిలబడకు, తోడు పెట్టుకో. బండి ఎక్కమంటే ఎక్కకు.

అమ్మకు పాంపడుతి.

చంపక

———

బెంగళూరు,
నవంబరు

చంపక అక్కకు,

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. ఒంట్లో బాగాలేదా? అమ్మ కూడా అదే అడిగింది. ఆవాల రంగు చీర ఒకటి నీ కోసం తీసి పెట్టింది, నువ్వు రాగానే కట్టాలట. చలికి ఆమె మోకాళ్లు పట్టేస్తే నువ్వు చెప్పినట్టే ఆవనూనె రాస్తున్నాను. నిన్న ఆ హోటలు ముందు నుంచి నడుచుకుంటూ పోయి గట్టిగా చప్పట్లు కొట్టి వచ్చింది. లోపల తింటున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. నవ్వలేక చచ్చాం.

నా పెదవి కొంచెం చిట్లింది, అందుకే ఈ వారం పనికి పోలేదు. ఒకడు తొడుగు వద్దన్నాడు, నేను కుదరదన్నాను. పెద్ద దెబ్బ కాదు. నువ్వు చెప్పినట్టు తోడు పెట్టుకుంటాను.

నీ పాంపడుతి అందింది.

కావేరి

———

హుణసూరు,
డిసెంబరు

కావేరీ,

ఇక చాలు తల్లీ. నిన్ను ఇంకా కష్టపెట్టలేను.

నువ్వు అమ్మను ఎంత బాగా రాశావంటే, చప్పట్ల సంగతి చదివి నేను నిజంగా నవ్వాను. తిట్లు అన్నీ ఆమెవే. ముద్దలు ఆమె తిన్నట్టే ఉన్నాయి. చీర రంగు కూడా ఆమె ఎంచుకునే రంగే. అన్నీ తెచ్చావు, ఒక్క మాట తేలేదు. నేను నేలకు నుదురు తాకించి పంపిన పాంపడుతికి, అందింది అని రాశావు. గురువు బతికి ఉంటే, శిష్యురాలు మొక్కితే ఆ మాట అనకుండా ఉంటుందా? అమ్మ జ్వరంతో మూలుగుతూ కూడా అనేది. నన్ను చెప్పుతో కొట్టిన రోజు కూడా, కొట్టాక మొక్కితే అన్నది. అక్టోబరు ఉత్తరం తిరగేసి మరగేసి చదివాను. కాగితం వెనక కూడా చూశాను.

ఆ పూటే వెనక్కి వెళ్లి గాజులు అండా అంచుకేసి కొట్టాను. ఆమె తొడిగిన గాజులు, నాకై నేను పగలగొట్టుకున్నాను. తెల్లబట్ట వెతుక్కునే పని లేదు, ఇక్కడ అందరం తెల్లబట్టలోనే ఉంటాం. వార్డు నిండా మగవాళ్ల మధ్య, క్రాపుతో, చొక్కాతో, గురువు పోయాక మన ఆచారం ప్రకారం విధవలా నలభై రోజులు కూర్చున్నాను. ఎవరికీ తెలియదు. చెన్నప్ప ఒక్కడు నా బోసి చేతులు చూసి, "ఎవురు పోయినారమ్మా?" అని అడిగాడు. మా అమ్మ అన్నాను. అప్పటినుంచే సగం అన్నం పెట్టడం.

కొండ దిగాలని నా కాళ్లు ఎంత కొట్టుకున్నాయో నీకు చెప్పలేను. దిగలేదు. నువ్వు అంత అబద్ధం మోసింది నేను ఈ మాత్రలు మింగాలనే కదా. నేను కూడా తెలియనట్టు పాంపడుతి పంపిస్తూ వచ్చాను, అవి ఆగిపోతే నీకు తెలిసిపోతుందని.

ఎలా పోయింది? దాచకుండా రాయి.

చంపక

———

బెంగళూరు,
క్రిస్మస్ వారం

అక్కా,

నీ ఉత్తరం చదివి గదిలో గోడకు తల కొట్టుకుని ఏడ్చాను. ఏడ్చాక ఒళ్లు తేలికపడింది. ఇన్ని నెలలు నేను ఒక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నాను.

ఆ రోజు స్టేషను మెట్ల మీద మమ్మల్ని పొద్దంతా ఎండలో కూర్చోబెట్టారు. అమ్మ ఊరుకోలేదు, లేచి చప్పట్లు కొట్టి పిల్లల్ని వదలమని అడిగింది. ఒక కుర్ర కానిస్టేబులు భుజం మీద చేయి వేసి తోశాడు. అంతే అక్కా, కొట్టలేదు, తోశాడు. మెట్టు అంచు తలకు తగిలింది. ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయాం. ఆడవాళ్ల వార్డుకు పొమ్మన్నారు. వాళ్లు మగవాళ్ల వార్డుకు పొమ్మన్నారు. వారం రోజులు రెండు తలుపుల మధ్య నడవలో తోపుడు మంచం మీదే ఉంది. ఎవరైనా వస్తారని నేను రెండు వైపులా పరుగెత్తాను. చివరి రోజు ఆమెకు ఒకసారి తెలివి వచ్చింది. "కొరివి మాత్రలు మింగుతా ఉందా?" అని అడిగింది. మింగుతోంది అన్నాను. "దానికి చెప్పొద్దే. పరుగెత్తుకొస్తాది" అంది. మళ్లీ మాట్లాడలేదు.

నీ ఉత్తరం ఆమె పోయిన మర్నాడు వచ్చింది. నేలకు నుదురు తాకించి చెప్పిన పాంపడుతి, ఆమె చెవిన పడలేదు. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అనేదే కదా ఆ మాట. పాతిపెట్టిన చోట కూర్చుని నీ ఉత్తరం పైకి చదివాను. అందుకే అందింది అని రాశాను. తిట్లు నేను కల్పించగలను, ఆమె తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఆ మాట నేనెలా కల్పించను? నీకంటే చిన్నదాన్ని, గురువు చోటు నాది కాదు. నా చేత్తో అది రాస్తే నీకు తగలదని భయం వేసింది.

అన్ని ఇళ్ల నుంచి మనవాళ్లు వచ్చి గౌరవంగానే సాగనంపారు. నేనూ గాజులు పగలగొట్టాను. కానీ నలభై రోజులు ఇంట్లో కూర్చుంటే ఎవరు తిండి పెడతారు? లోపల తెల్ల లంగా, పైన రంగు చీర కట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఒకడు చేతులు చూసి, గాజులు లేకపోతే అందమేముందే అని దుకాణం నుంచి కొనుక్కొచ్చి తొడగబోయాడు. మంచివాడే పాపం. నేను అక్కడినుంచి పారిపోయాను. అమ్మకు అన్యాయం చేశానేమో అక్కా.

పెద్దలు కూర్చుని మాట్లాడారు. పెద్ద శిష్యురాలివి నువ్వే కాబట్టి అమ్మ చోటు నీదే. ఆమె చాప పరిచి ఉంచాను, ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. అండా తోమి బోర్లించాను. మాత్రలు అయిపోగానే రా. ఎక్కడైనా చిన్న చోటు చూసి మళ్లీ నీళ్లు కాద్దాం.

ఇక నేను మొక్కాల్సింది నీకే. పాంపడుతి, అమ్మా. జవాబు రాయి.

కావేరి

———

హుణసూరు,
ఫిబ్రవరి

కావేరీ,

ఆలస్యమైంది. ఈ ఉత్తరం కొంత నేను రాస్తున్నాను, ఓపిక లేనప్పుడు సిస్టర్ రాస్తోంది.

మాత్రలు అయిపోయాయి. ఒక్కటి కూడా మానలేదు, సిస్టర్ సాక్ష్యం. ఊపిరితిత్తులు చాలావరకు మానాయని డాక్టరు ఫోటో ఎత్తి చూపించాడు. అమ్మకు నువ్వు ఇచ్చిన మాట నిలబెట్టాను.

నేను నీ దగ్గర దాచింది ఒకటుంది. ఆగస్టులో నెత్తురు తీశారని రాశాను చూడు, అప్పుడే తెలిసింది. ఆ ఇంకో రోగం కూడా ఉందట, జుబేదాను తీసుకుపోయిందే, అది. దానికి మనలాంటివాళ్లకు అందే మందు ఇక్కడ లేదు. బరువు పెరిగానని రాసింది అబద్ధం. నువ్వు అమ్మను బతికించి రాసినట్టు, నేను నన్ను రాశాను. ఇప్పుడు మంచం దిగలేకపోతున్నాను. అండా కింద మంట చెన్నప్ప పెడుతున్నాడు. నేను ఇక్కడినుంచే కట్టె వెనక్కి లాగమని అరుస్తాను, లారీ తోలేవాడికి పొయ్యి చెప్పకు అంటాడు. నీళ్లు బాగానే కాస్తున్నాడు.

రావాలనే ఉంది. ఆ చాప మీద ఒక్క పూటైనా కూర్చోవాలనే ఉంది. వస్తానో లేదో ఎవరూ చెప్పడం లేదు, సిస్టర్ ముఖం అటు తిప్పుకుంటోంది. చాపను ఖాళీగా ఉంచకు. నేను రాకపోతే నువ్వు కూర్చో, పెద్దలకు ఈ ఉత్తరం చూపించు. అండా తిరగెయ్యి. గుమ్మంలో స్టూలు వెయ్యి, తొడుగు వద్దన్నవాణ్ణి అమ్మ తరిమినట్టే తరుము. నువ్వూ పోయి నెత్తురు చూపించుకో, భయపడి మానకు. లోపల తెల్లబట్ట కట్టుకుని నిలబడ్డావు కదా, అమ్మకు అన్యాయం జరగలేదు. ఆకలితో కూర్చుని ఉంటే తిట్టేది.

నాకు గురువు చోటు అలవాటు లేదు. నీ జుట్టు పట్టుకుని లాగినదాన్ని, నీ పౌడరు దొంగిలించినదాన్ని. నాలుగు రోజులుగా ఆ మాట రాయడానికి సిగ్గుపడి ఊరుకున్నాను. కానీ జవాబు రాని మొక్కు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీకు అలా జరగనివ్వను. ఇక్కడినుంచి నా చేత్తో నేనే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. ఒక చేయి ఎత్తి ఉంచాను.

నీ పాంపడుతి అందింది.

బతికుండు బిడ్డా. వెయ్యేళ్లు బతికుండు.

నీ అమ్మ,
చంపక